ప్రెస్‌మీట్ పెట్టే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఏటిగట్టు మీద కొత్త మట్టి పోశామని బిల్లు ఎత్తేసిన చోట ఎండ్రకాయల బొరియలు అలాగే ఉన్నాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు గట్టు తెగితే ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాణ్ణి. కాబట్టి నిన్ను ఊరుకోమని చెప్పను. కానీ ఆదివారం ప్రెస్‌మీట్ పెట్టి ఈ కాంట్రాక్టు వెనకున్న పెద్దాయన పేరు చెప్పేస్తానన్నావు చూడు, అది మాత్రం ఇప్పుడే వద్దు.

మా చెల్లి నీకు సగమే చెప్పి ఉంటుంది. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి పనిలోనే ఎం-బుక్కులో, అంటే చేసిన పని కొలతలు రాసే ఆఫీసు పుస్తకంలో, రాసిన మట్టికీ, గట్టు మీద ఉన్న మట్టికీ పొంతన లేదని పట్టుకున్నాను. ఆ కాంట్రాక్టు వెనక అప్పటి ఒక నాయకుడి మనుషులున్నారు. ఆవేశం ఆపుకోలేక ఎం-బుక్కు సంచిలో పెట్టుకుని జిరాక్స్ తీయించడానికి పట్టుకెళ్లాను. మూడో రోజుకల్లా నా మీద కేసు. గట్టు గురించి కాదు, ప్రభుత్వ రికార్డు దొంగతనం! 19 రోజులు జైల్లో ఉన్నాను. లోపలికి పంపే ముందు చొక్కా విప్పించి పుట్టుమచ్చలు రాసుకున్నారు. రాసేవాడు మన పక్క ఊరివాడే, ఒక్కసారి కూడా తలెత్తి నా మొహం చూడలేదు. కేసు కొట్టేయడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఎం-బుక్కు మళ్లీ ఎవరికీ కనపడలేదు.

అప్పుడు నాకు సమాచార హక్కు చట్టం లేదు. నీకుంది, 2005 నుంచి. ఏ గుమస్తా దగ్గరా దొంగచాటుగా కాగితం తీసుకోకు. ఇరిగేషన్ డివిజన్ ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టు. ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్కు, బిల్లులు, అన్నీ సర్టిఫైడ్ కాపీలు అడుగు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ చట్టం కింద పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, వాడిన సరుకు నమూనా కూడా సర్టిఫై చేయించి తీసుకోవచ్చు. అంటే గట్టు మీది మట్టిని వాళ్ల చేతే సంచిలో కట్టించి, సీలు వేయించి తెచ్చుకోవచ్చన్నమాట. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లు. ఆలస్యమైందని నోరు జారకు.

కాగితాలు చేతికి రాగానే మూడు నాలుగు సెట్లు చేయించు. ఒకటి లాయరు దగ్గర, ఒకటి వేరే ఊళ్లో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉండాలి. ఫొటోలు తీసిన ఫోను ఎవరికీ అమ్మెయ్యకు, రీసెట్ చేయకు. ఫిర్యాదు ఊరి రైతులతో కలిసి సంతకాలతో పెట్టు, రసీదు తీసుకో. ఫిర్యాదులో, ఫేస్‌బుక్‌లో ఎక్కడా 'దొంగ' అన్న మాట రాయకు. పరువు నష్టం కేసుకు ఆ ఒక్క మాట చాలు. ఎం-బుక్కులో ఇన్ని క్యూబిక్ మీటర్లని ఉంది, గట్టు మీద ఇంతే ఉంది అని రాసి ఊరుకో. ఎవరి పేరు బయటికి రావాలో ఆ కాగితాలే తెస్తాయి.

పేరు గోప్యంగా ఉంచుతామంటే నమ్మి కూర్చోకు. సత్యేంద్ర దూబే అనే ఇంజినీరు జాతీయ రహదారి పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు బయటపెట్టొద్దని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపేశారు. ఇలాంటివాళ్లను కాపాడటానికని 2014లో చట్టం చేశారు, ఇప్పటికీ అమల్లోకి తేలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఈలోగా కాంట్రాక్టరు 'కూర్చుని మాట్లాడుకుందాం రా' అని కబురు పెడతాడు. ఒంటరిగా వెళ్లకు, గెస్ట్‌హౌసుకైతే అసలు వెళ్లకు. డబ్బు కోసం నువ్వే బెదిరించావని కేసు కట్టడానికి అంతకంటే తేలికదారి లేదు. నీ ఖాతాలో తెలియని డబ్బు పడిందేమో రోజూ చూసుకో. పడితే అదేరోజు బ్యాంకుకు రాసిచ్చి రసీదు దగ్గర పెట్టుకో.

పోలీసులు పిలిస్తే నోటీసు అడుగు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో చాలావరకు ముందు నోటీసే ఇవ్వాలి, ఇష్టానుసారం అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. నోటీసిస్తే లాయరుతో మాట్లాడి తప్పకుండా వెళ్లు, ఎగ్గొడితే అరెస్టుకు నువ్వే దారిచ్చినట్టు. అరెస్టే చేస్తే కారణాలు రాతపూర్వకంగా అడుగు, ఇంట్లోవాళ్లకు తెలియజేయమను, తెల్లకాగితం మీద సంతకం పెట్టకు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడ సిగ్గుపడి మౌనంగా ఉండకు. దెబ్బ తగిలితే తగిలిందని, ఫిర్యాదు పెట్టినందుకే ఈ కేసని గట్టిగా చెప్పు, రాయమని అడుగు. నేనారోజు తల దించుకుని నిలబడ్డాను, రిమాండ్ రాసేశారు. లాయరుకు డబ్బుల్లేవని ఆగకు, 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవల సంస్థవాళ్లు పలుకుతారు.

ఇదంతా మొదలుపెట్టే ముందు నీ భార్యకు చెప్పు. మీ అత్తయ్యకు నేను ఒక్క ముక్క చెప్పలేదు. గుమ్మం ముందు జీపు ఆగితే ఎవరో చుట్టాలొచ్చారనుకుని చెంబుతో నీళ్లు తెచ్చింది. దరఖాస్తు రాసుకుని శనివారం ఇద్దరూ రండి, చూసి పెడతాను.

మావయ్య