లోహపు చెట్ల అడవిలో పెర్సెవాల్

ప్రశ్న: ఎరిక్ రోమర్ తీసిన ‘పెర్సెవాల్ ల గల్వా’ (1978) చూశాను. చెట్లు లోహంతో చేసిన బొమ్మల్లా ఉన్నాయి, కోటలు మరీ చిన్నవి, ఆకాశం గోడకు రంగు వేసినట్టుంది. ఫ్రాన్సులో అసలు కోటలకు కొదువ లేదు కదా, ఈ కృత్రిమత్వం ఎందుకు? డబ్బు చాలకనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: డబ్బు చాలక కాదు; అది రోమర్ కోరి ఎంచుకున్న పద్ధతి. ఈ చిత్రానికి ఆధారం 12వ శతాబ్దపు కవి క్రెతియాఁ ద త్రువా అసంపూర్ణంగా విడిచిన, పెర్సెవాల్ అనే యువ వీరుడి కథ చెప్పే కావ్యం. దాని ఎనిమిది అక్షరాల పాదాలను రోమర్ స్వయంగా ఆధునిక ఫ్రెంచిలోకి మార్చి, ఆ పద్యాలనే నటులచేత పలికించారు. పాత్రలు తమ గురించి తామే ప్రథమ పురుషలో చెప్పుకునే ఇటువంటి చిత్రాన్ని నిజమైన అడవిలో తీసి ఉంటే, అడవి ముందు పద్యమో, పద్యం ముందు అడవో తప్పకుండా వెలవెలబోయేది.

కళాదర్శకుడు జాఁ-పియేర్ కొయూ-స్వెల్కో స్టూడియోలో నిర్మించిన సెట్‌కు మధ్యయుగపు చిత్రకళే ఒరవడి. ఆనాటి రాతప్రతుల బొమ్మల్లో కోటగుమ్మం ముందు నిలిచిన మనిషి ఇంచుమించు కోటంత ఉంటాడు. దూరాన్ని బట్టి పరిమాణం తగ్గాలన్న నియమం ఆ చిత్రకారులకు లేదు. అందుకే పెర్సెవాల్ గుర్రమెక్కి ఆ కొద్దిపాటి చెట్లనే చుట్టి వచ్చేసరికి మరో కోట చేరినట్టు లెక్క. వేదికపై ఒక చుట్టు తిరిగితే దేశాంతరం వెళ్లినట్టుగా భావించే వీధినాటకానికి అలవాటుపడిన మనకు ఇందులో వింత తోచనక్కర లేదు.

అయితే నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నవి గుర్రాలు. చుట్టూ ఉన్నదంతా కల్పితమైనా అవి ప్రాణమున్న గుర్రాలు కావడంతో, గొలుసు కవచం ధరించిన పెర్సెవాల్ పాత్రధారి ఫాబ్రిస్ లుకీనీ జీనుపై కూర్చున్నప్పుడు శరీరం బరువు మనకు స్పష్టంగా తెలుస్తుంది. నేపథ్యం బొమ్మలా ఉండడం వల్లనే మనిషి మరింత నిజంగా కనిపిస్తాడు.

ఇదే దారిలో ముందే నడిచిన చిత్రం మార్సెల్ కార్నే ‘లే విజితర్ ద్యు స్వార్’ (1942). అందులోని తెల్లని కోట మరీ కొత్తగా ఉందన్న విమర్శకు, కథ జరిగే 1485లో ఆ కోట కొత్తదే కదా అన్నది కార్నే సమాధానం. జర్మన్ ఆక్రమణ కాలంలో యూదుడైన కళాదర్శకుడు అలెగ్జాండర్ త్రోనేర్ ఆ సెట్ల కోసం రహస్యంగా పనిచేయవలసి వచ్చింది, తెరపై ఆయన పేరు వేయడానికి వీల్లేకపోయింది. ‘పెర్సెవాల్’ నచ్చిందంటే ఆ చిత్రాన్ని కూడా తప్పక చూడండి.