సందేహాలు – సమాధానాలు: ‘నలుపు తెలుపు’ అంటే బూడిదరంగు ఉన్నట్టా, లేనట్టా?

సందేహం: మా బడి పూర్వవిద్యార్థులం గుడ్డ సంచుల మీద మాస్టారి బొమ్మ అచ్చు వేయిస్తున్నాం. స్క్రీన్ ప్రింటింగ్ (సన్నని జాలీ గుండా సిరా దించి అచ్చువేసే పద్ధతి) వాళ్లు ఫోటోను ‘బ్లాక్ అండ్ వైట్ చేసి పంపండి’ అన్నారు. పంపితే, ‘ఇలా కాదు, గ్రే ఉండకూడదు’ అన్నారు. ఈ రెండు రకాలకూ తెలుగులో వేరే మాటలున్నాయా? ‘నల్ల తెల్ల బొమ్మ’ అనవచ్చా? జింప్‌లో (ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో) చేసే పద్ధతిని మావాళ్లకు తెలుగులో రాసివ్వాలి. అందులో త్రెషోల్డ్‌ను, అంటే ఏ ఛాయ దాకా నలుపో, ఎక్కణ్నుంచి తెలుపో తేల్చే అంకెను, ‘గడప’ అనాలా?

సమాధానం: ‘నలుపు తెలుపు సినిమా’ అన్నప్పుడు అందులో రంగులు లేవనే అర్థం, బూడిదరంగు లేదని కాదు. మామూలు నలుపు తెలుపు ఫోటోలో 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) దాకా 256 ఛాయలుంటాయి. స్క్రీన్ ప్రింటింగ్ జాలీకి ఇన్ని ఛాయలతో పనిలేదు. సిరా దిగాలి, లేదా ఆగాలి. (పత్రికల్లో కనిపించే బూడిదరంగు కూడా సన్నని నల్లచుక్కల మాయే.) కాబట్టి మొదటిదాన్ని ‘ఛాయల నలుపు తెలుపు’, రెండోదాన్ని ‘అచ్చ నలుపు తెలుపు’ అనండి. అచ్చ తెలుగులోని ‘అచ్చ’ ఇక్కడ చక్కగా అతుకుతుంది. ‘రెండు రంగుల బొమ్మ’ అని మాత్రం రాయకండి. ప్రెస్సువాళ్లు రెండు సిరాలనుకుని అంచనా వేస్తారు. మీ సంచిమీద పడేది ఒక్క నల్లసిరాయే, తెలుపు గుడ్డది.

‘నల్ల తెల్ల బొమ్మ’ కుదరదు. నల్ల, తెల్ల అనేవి నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉండే విశేషణ రూపాలు: నల్లకుక్క, తెల్లకాగితం. రంగుల పేర్లుగా చెప్పేటప్పుడు నలుపు, తెలుపు అనాలి. రెండూ కలిస్తే ద్వంద్వసమాసం, దానికి బహువచనం వస్తుంది: నలుపు తెలుపులు. అందుకే ‘నలుపు తెలుపుల బొమ్మ’ వ్యాకరణానికి నిండుగా ఉంటుంది. వాడుకలో ‘నలుపు తెలుపు బొమ్మ’ కూడా స్థిరపడింది, తప్పు పట్టనక్కర్లేదు.

ఇక ‘గడప’. నిఘంటువులో ఆ అర్థం ఉన్నా ఈ పనికి సరిపోదు. గడపను దాటతాం, తొక్కుతాం. ‘నూరు గడపల ఊరు’ అంటే నూరు ఇళ్లని అర్థం. ‘గడపను 140కి పెంచండి’ అంటే చదివేవాడు నవ్వుతాడు. ‘హద్దు’ అనండి, హద్దు పెంచవచ్చు, తగ్గించవచ్చు, ఇవతల ఒకటి అవతల ఒకటి ఉండవచ్చు. మెనూలో ఉన్న పేరును మాత్రం త్రెషోల్డ్ అనే రాయాలి, లేకపోతే తెరమీద వెతుక్కోలేరు.

వాక్యం కూడా చూసుకోవాలి. ‘హద్దు విలువ కంటే తక్కువ ప్రకాశం కలిగిన పిక్సెళ్లు నలుపుగా మార్చబడతాయి’ అని రాయడం చాలామందికి అలవాటు. ‘హద్దుకు దిగువనున్నవి నలుపైపోతాయి, మిగతావి తెలుపైపోతాయి’ అంటే చాలు. ‘నల్లబడతాయి’ అంటే క్రమంగా మారుతున్నట్టు వినిపిస్తుంది. ఇక్కడ క్రమం లేదు. ‘తెల్లబోతాయి’ అంటే మరీ వేరు సంగతి! స్లైడర్‌ను ‘తరలించండి’ అనవద్దు, ‘జరపండి’ అనండి. తరలించేది సామాన్లను, సైన్యాన్ని.

పద్ధతి ఇలా రాయవచ్చు. కలర్స్ మెనూలో డీశాచురేట్ (రంగులు తీసేసే ఎంపిక) తెరిచి ‘ల్యూమా’ ఎంచుకోండి. ఈ అడుగు వదిలేస్తే నుదుటి బొట్టు మాయమవుతుంది. ఎందుకంటే త్రెషోల్డ్‌లో ‘వేల్యూ’ అనే ఎంపిక ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. కుంకుమలో ఎరుపు 170 ఉందనుకుంటే అది 127 దగ్గరున్న హద్దుకు పైన ఉండి తెలుపైపోతుంది. ల్యూమా ఆకుపచ్చకు ఎక్కువ, ఎరుపుకు తక్కువ బరువిస్తుంది కనుక బొట్టు నల్లగా నిలుస్తుంది.

తర్వాత స్కేల్ ఇమేజ్‌లో బొమ్మను పెంచండి. ఆరంగుళాల వెడల్పుకు అంగుళానికి 300 చొప్పున 1800 పిక్సెళ్లు కావాలి. పెంచాక గాసియన్ బ్లర్‌తో, సైజు 2 పెట్టి కాస్త మసకచేయండి. దీనివల్ల చర్మం మీది ఇసుకలాంటి నలుసులు పోతాయి, అంచులు నున్నబడతాయి. అప్పుడు త్రెషోల్డ్ తెరవండి. ఈ వరుస తారుమారు కాకూడదు: హద్దు గీసిన తర్వాత పెంచితే అంచులు మెట్లుమెట్లుగా తేలడమో, బూడిదరంగు మళ్లీ చేరడమో జరుగుతుంది.

జింప్‌లో హద్దు 127 దగ్గర మొదలవుతుంది, ఫోటోషాప్‌లో 128 దగ్గర. అది ప్రారంభ స్థానమే. పెంచితే నలుపు పెరుగుతుంది, తగ్గిస్తే తెలుపు. కళ్లు, ముక్కుపుటాలు, పెదవుల మధ్య గీత ఈ మూడూ నిలిచే చోట ఆపాలి. జుట్టును చూసి ఆపవద్దు. అది ఎలాగూ నల్లగానే వస్తుంది. వెనుక గోడ కూడా ముదురుదైతే జుట్టు అందులో కలిసిపోతుంది, ముందే గోడను తెల్లగా చేసుకోవాలి.

కిటికీ పక్కన తీసిన ఫోటోలో ఒక చెంప తెలుపైపోయి, రెండోది మసిబొగ్గవుతుంది. ఒకే హద్దు రెండు చెంపలకూ కుదరదు. పొరను రెండుసార్లు నకలు తీసి, వెలుగు వైపుకు 140, నీడ వైపుకు 90 వంటి వేర్వేరు హద్దులు పెట్టి, వెలుగు వైపు పొరను పైన ఉంచి, దానికి లేయర్ మాస్క్ (పొరలో కొంతభాగాన్ని దాచే తెర) తగిలించి, ఆ మాస్క్ మీద నీడభాగంలో మాత్రం నలుపు పూయండి. కింది పొర కనబడుతుంది. కలిసేచోటు ముక్కు అంచు వెంబడి పోతే అతుకు తెలియదు.

చివరగా, ఎక్స్‌పోర్ట్ యాజ్‌తో పీఎన్‌జీగానే పంపండి. జేపెగ్ చేస్తే నలుపు తెలుపుల అంచుల దగ్గర బూడిదరంగు నలుసులు పుట్టుకొస్తాయి, ప్రెస్సువాళ్లు మళ్లీ తిప్పి పంపుతారు.