పాఠకుల ప్రశ్నలు: రాయబారులు ఏం చేయగలరు, ఏం చేయలేరు?

ప్రశ్న: మా తమ్ముడు కువైట్‌లో ఒకరి ఇంట్లో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. కొన్ని నెలలుగా జీతం ఇవ్వడం లేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. మన ఎంబసీ వాళ్లు వెళ్లి వాడిని విడిపించి పంపలేరా? మేము ఎవరిని అడగాలి?
– ఒక సోదరి, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఆ దేశంలో పోలీసు అధికారం లేదు. ఎవరి ఇంట్లోకైనా వెళ్లి మనిషిని తీసుకురావడం గానీ, అక్కడి న్యాయస్థానాన్ని ఆదేశించడం గానీ వారి చేతిలో లేని పనులు. అంతమాత్రాన వారి వల్ల ఏమీ కాదని అనుకోకండి. యజమానిని పిలిపించి మాట్లాడటం, వినకపోతే అక్కడి కార్మిక శాఖ ముందు ఫిర్యాదు పెట్టించడం, అవసరమైతే న్యాయవాదిని చూపించడం వారి రోజువారీ పనిలో భాగమే. పాస్‌పోర్టు తిరిగి రాని పక్షంలో స్వదేశానికి ఒక్కసారి ప్రయాణించేందుకు పనికివచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. చేతిలో డబ్బు లేనివారి విమాన టికెట్టుకు, న్యాయ సహాయానికి, మరణించినవారి భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడానికి 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఇది దయతో ఇచ్చే దానం కాదు కనుక అడగడానికి మొహమాటపడవద్దు.

మీరు చెన్నైలో ఉండే, విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తమ్ముడి పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, చిరునామా, ఒప్పంద పత్రం నకలు ఉంటే పని త్వరగా కదులుతుంది. 1967 నాటి పాస్‌పోర్టు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి అన్న సంగతి ఫిర్యాదులో రాయండి. అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. రాయబార కార్యాలయంతో మాట్లాడకుండా మీ తమ్ముడు ఆవేశపడి ఆ ఇల్లు విడిచి వెళ్లకూడదు. పని వదిలి పారిపోయాడని యజమాని ముందుగా కేసు పెడితే, అప్పటిదాకా బాధితుడుగా ఉన్నవాడు నిందితుడై నిలబడవలసి వస్తుంది.

ఒకవేళ అరెస్టే జరిగితే, 1963లో కుదిరిన కాన్సులర్ సంబంధాల (అంటే పరాయి దేశంలో తమ పౌరుల బాగోగులు చూసే అధికారుల వ్యవహారాల) వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం అతనికి అండగా ఉంటుంది. మీ దేశపు కాన్సులర్ అధికారికి తెలియజేయమని కోరే హక్కు నీకుందని పోలీసులు జాప్యం లేకుండా చెప్పాలి. అతను కోరితే సమాచారం అందించాలి. ఆ అధికారి జైలుకు వెళ్లి అతన్ని కలవవచ్చు, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చు. ఇక్కడ 'కోరితే' అన్న షరతును గల్ఫ్‌కు వెళ్లే ప్రతివారికీ ఇంట్లోనే చెప్పి పంపాలి, ఎందుకంటే భయంతోనో భాష రాకనో నోరు విప్పని మనిషి తన హక్కును తానే వదులుకున్నట్టవుతుంది. కుల్‌భూషణ్ జాదవ్ (గూఢచర్య ఆరోపణపై పాకిస్తాన్‌లో మరణశిక్ష పడిన భారతీయుడు) కేసులో 2019 జులై 17న అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్ ఈ అధికరణాన్నే ఉల్లంఘించిందని తేల్చి, కాన్సులర్ అధికారులను కలవనివ్వాలని, శిక్షను పునఃసమీక్షించాలని ఆదేశించింది. ఆయనను విడుదల చేయించాలన్న మన విన్నపాన్ని మాత్రం అంగీకరించలేదు.

ప్రశ్న: ఎంబసీలన్నీ ఢిల్లీలో ఉండగా చెన్నైలో ఇన్ని దేశాల కార్యాలయాలు ఎందుకు? బ్రిటన్, శ్రీలంక వాళ్లవి డిప్యూటీ హైకమిషన్లు ఎలా అయ్యాయి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ మాంబళం, చెన్నై

జవాబు: రాయబారి ఒక దేశాధినేత తరఫున మరో దేశాధినేత వద్దకు వచ్చినవాడు కనుక ఆయన కార్యాలయం రాజధానిలో ఉంటుంది. రెండు ప్రభుత్వాల మధ్య రాజకీయ వ్యవహారం అక్కడ నడుస్తుంది. వీసాలు, వ్యాపారం, తమ దేశపు నావికుల, విద్యార్థుల, యాత్రికుల అవసరాలు రేవు పట్టణాలలో, పరిశ్రమలున్న చోట్ల తలెత్తుతాయి. అందుకు కాన్సులేట్లు కావాలి. ఇది మన ఊరికి కొత్త సంగతేమీ కాదు. అమెరికా 1794లోనే మద్రాసులో విలియం ఆబట్ అనే వ్యాపారిని కాన్సులర్ ఏజెంటుగా నియమించింది. జెమిని సర్కిల్ దగ్గరున్న నేటి కార్యాలయానికి పునాది ఆనాటి ఓడల వ్యాపారంలో ఉంది.

కామన్‌వెల్త్ దేశాలు పరస్పరం పంపుకొనే రాయబారిని హైకమిషనర్ అంటారు. భారత్, బ్రిటన్, శ్రీలంక మూడూ ఆ కూటమిలో ఉన్నాయి. ఢిల్లీలో ఆయన ఉంటారు కనుక చెన్నై కార్యాలయానికి డిప్యూటీ హైకమిషన్ అని పేరు వచ్చింది.

ప్రశ్న: రాయబారి నేరం చేసినా అరెస్టు చేయకూడదట. చట్టం ముందు అందరూ సమానమని చదువుకున్న మాకు ఇది అన్యాయంగా అనిపిస్తోంది.
– డిగ్రీ విద్యార్థిని, తాంబరం, చెన్నై

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే. దూతను చంపరాదని రావణుడి సభలో విభీషణుడు చెప్పిన నీతిని 1961 నాటి దౌత్య సంబంధాల వియన్నా ఒప్పందం చట్టంగా మార్చింది. రాయబారిని నిర్బంధించరాదు, అనుమతి లేకుండా ఆయన కార్యాలయంలో అడుగుపెట్టరాదు. ఈ రక్షణ లేకపోతే, శత్రుత్వం పెరిగిన రోజున ప్రతి ప్రభుత్వమూ ఎదుటి దేశపు ప్రతినిధిపై ఏదో ఒక కేసు మోపి జైల్లో పెట్టగలదు. సరిగ్గా మాటల అవసరం ఎక్కువగా ఉన్న రోజునే మాట్లాడే మనిషి ఉండడు.

అయితే ఈ రక్షణ ఆ మనిషి సొత్తు కాదు. అది పంపిన దేశానిది, కావాలనుకుంటే ఆ దేశం దాన్ని తొలగించవచ్చు. 1997లో వాషింగ్టన్‌లో జార్జియా దౌత్యవేత్త ఒకరు తాగి కారు నడిపి ఒక బాలిక మరణానికి కారణమైనప్పుడు, జార్జియా ప్రభుత్వం ఆయన రక్షణను తొలగించింది, ఆయన అమెరికాలో శిక్ష అనుభవించాడు. అన్ని దేశాలూ ఇంత నిజాయితీగా నడుచుకోవు, అందుకు విచారించవలసిందే. రక్షణ తొలగించకపోతే, ఆతిథ్య దేశం కారణం చెప్పకుండానే ఆయనను అవాంఛిత వ్యక్తిగా ప్రకటించి పంపివేయవచ్చు.

ఇంకొక సంగతి, కాన్సులేట్ అధికారులకు ఇంత రక్షణ లేదు. వారికి విధి నిర్వహణలో చేసిన పనులకే మినహాయింపు. తీవ్రమైన నేరమైతే, న్యాయాధికారి ఉత్తర్వుతో అరెస్టు చేయవచ్చు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ను అరెస్టు చేసినప్పుడు రెండు దేశాల మధ్య రేగిన వాదం చాలావరకు ఈ తేడా మీదే నడిచింది.

ప్రశ్న: మా అమ్మాయి విదేశాంగ సర్వీసులో చేరతానంటోంది. విందులు, ప్రయాణాలు తప్ప అసలు పని ఏముంటుంది? ఆడపిల్లకు కుదిరే ఉద్యోగమేనా?
– ఒక తండ్రి, అన్నానగర్, చెన్నై

జవాబు: విందు కూడా పనే. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ మంత్రి మాట చెల్లుతోంది, రాబోయే బడ్జెట్‌లో దేనికి సుంకం పెరుగుతుంది వంటివి చట్టబద్ధమైన మార్గాలలో తెలుసుకుని, రాత్రికి ఢిల్లీకి నివేదిక రాయడం ఆ ఉద్యోగంలో అతి పెద్ద భాగం. ఒప్పందంలో ఒక్క వాక్యం కోసం నెలల తరబడి కూర్చోవలసి వస్తుంది. యూపీఎస్‌సీ సివిల్ సర్వీసుల పరీక్షలో మంచి ర్యాంకుతో పాటు, చేరిన తరువాత ఒక విదేశీ భాషను పట్టుదలగా నేర్చుకోవాలి.

ఆడపిల్ల విషయానికి వస్తే, ఈ ఊరి విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో, ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న కొడగు అమ్మాయి సి.బి.ముత్తమ్మ 1949లో ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ. ఆనాటి నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్లికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, పెళ్లి తరువాత రాజీనామా చేయమన్నా చేయాలి. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం ఆ నిబంధనలలోని వివక్షను తీవ్రంగా తప్పుబట్టింది. మీ అమ్మాయి ఇప్పుడు ఆ అనుమతి అడగనవసరం లేదు. డిగ్రీ పూర్తయి ఇరవై ఒక్క ఏళ్లు నిండితే దరఖాస్తు చేయవచ్చు. ఐచ్ఛికాంశంగా తెలుగు సాహిత్యాన్ని కూడా ఎంచుకోవచ్చు.