చందా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏది అందరికీ ఒకటే ఉండాలి, ఏది మార్చుకోనివ్వాలి?

మీరు అడిగింది ఇదీ: నెలవారీ చందాతో నడిచే జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, 40 మంది కస్టమర్లు. ఒకరికి ఇన్‌వాయిస్ నంబర్ తమ పద్ధతిలో కావాలి, ఇంకొకరికి లారీ నంబర్ రాసే గడి కావాలి, మరొకరికి మేనేజరు ఓకే చేశాకే బిల్లు బయటికి వెళ్లాలి. ఎవరికి ఎంతవరకు చేసిపెట్టాలి?

ముందు మీ కోడ్‌లో "కస్టమర్ ఐడీ 17 అయితే" లాంటి లైన్లు ఎన్ని ఉన్నాయో వెతకండి. అసలు రోగం అక్కడుంది. 17వ కస్టమర్ మానేసిన రెండేళ్లకు కూడా ఆ లైను పీకడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఒక్కో కస్టమర్‌కి కోడ్ విడిగా కాపీ తీసి ఇవ్వడం ఇంకా ఘోరం. పన్ను రేటు ఒకటి మారితే అన్ని కాపీల్లోనూ దిద్దుకుంటూ కూర్చోవాలి.

పన్ను లెక్క జోలికి ఎవర్నీ రానివ్వకండి. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలోని అమ్మకం మీద కేంద్రం, రాష్ట్రం పన్నులు) వేయాలా, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం మీద పన్ను) వేయాలా అన్నది సెట్టింగ్ కాదు. అమ్మేవారి జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్ (తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37). దాన్ని ప్లేస్ ఆఫ్ సప్లైతో (సరుకు లేదా సేవ అందినట్టు చట్టం లెక్కగట్టే చోటు) పోల్చాలి. చాలామంది కొన్నవారి జీఎస్టీ నంబర్‌తో పోల్చి తప్పు చేస్తారు. విజయవాడ కంపెనీ మనిషి హైదరాబాద్ హోటల్లో గది తీసుకుంటే ప్లేస్ ఆఫ్ సప్లై తెలంగాణే, ఐజీఎస్టీ రాదు.

ఇన్‌వాయిస్ నంబర్ విషయం వేరు, అక్కడ సగం మీది, సగం వాళ్లది. ముందు అక్షరాలు వాళ్లిష్టం, కానీ జీఎస్టీ నియమం 46 ప్రకారం మొత్తం 16 క్యారెక్టర్లు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో వరుసగా రావాలి, రెండుసార్లు రాకూడదు. మూడక్షరాల కంపెనీ కోడ్, గీత, మూడక్షరాల ఊరి కోడ్, గీత, 2024-25, గీత, 00123 అంటే 21 అయింది. ఊరి కోడ్ తీసేసి సంవత్సరాన్ని 24-25 చేస్తే 15. ఈ లెక్క సెట్టింగ్ సేవ్ చేసేటప్పుడే చూపించాలి, బిల్లు కొట్టేటప్పుడు కాదు.

ఇక్కడ దెబ్బతినే చోట్లు రెండున్నాయి. సర్వర్ యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం) ఉంటే ఏప్రిల్ 1 తెల్లవారుజామున 5:30 దాకా పాత సంవత్సరం నంబర్లే పడతాయి. రెండోది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తనే నంబర్లిచ్చే సీక్వెన్స్ వాడితే సేవ్ మధ్యలో ఫెయిలైన ప్రతిసారీ ఒక నంబర్ మాయం, వరుస తెగుతుంది. కస్టమర్‌కీ సంవత్సరానికీ కలిపి టేబుల్‌లో ఒక కౌంటర్ రో పెట్టి, బిల్లు సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే (అయితే అంతా సేవ్ అయ్యే, లేకపోతే ఏదీ కాని పని) దాన్ని లాక్ చేసి పెంచండి. రద్దయిన బిల్లును డిలీట్ చేయకుండా రద్దు అని గుర్తుపెట్టి ఉంచండి.

లారీ నంబర్ లాంటివాటికి కస్టమ్ గడులు చాలు. అడిగిన ప్రతిదానికీ టేబుల్‌లో కాలమ్ పెంచకండి, ఒకే జేసన్‌బీ కాలమ్‌లో (పేరు-విలువ జతలు ఎన్నైనా పట్టే పోస్ట్‌గ్రెస్ కాలమ్) పెట్టండి. రకాలు నాలుగు: మాట, సంఖ్య, తేదీ, ఎంపికల జాబితా. బిల్లుకి 10 గడులు మించనివ్వకండి, లేకపోతే ఏ4 కాగితం మీద పట్టవు. సంఖ్యను మాటగా దాస్తే వరుసలో 10 తర్వాత 9 వస్తుంది, ఆ ఫిర్యాదు మీకు తప్పదు. గడి పేరును కీగా (విలువను వెతికిపట్టే గుర్తుగా) వాడొద్దు: ఇవాళ "లారీ నంబర్" అన్నవారు రేపు "వాహనం నంబర్" అంటారు, పాత బిల్లుల్లో ఆ గడి ఖాళీ అవుతుంది. లోపల మారని ఐడీ ఉండాలి, పేరు పైకి చూపించడానికే. గిన్ ఇండెక్స్ (పోస్ట్‌గ్రెస్‌లో వెతకడాన్ని వేగం చేసే ఒక రకం సూచిక) "ఈ విలువ ఉందా" అని వెతకడానికి పనికొస్తుంది, వరుసలో పెట్టడానికి కాదు. నిజంగా అవసరమైన ఒకటి రెండు గడులకు విడిగా ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ (ఆ ఒక్క గడి విలువ మీదే కట్టే సూచిక) వేయండి.

బిల్లు డిజైన్ మార్చుకోనివ్వండి, కానీ ప్రతి బిల్లుకీ ఏ వెర్షన్‌తో తీశారో రాసి ఉంచండి. ఈ రోజు లోగో మారిస్తే పోయినేడాది బిల్లు కూడా కొత్త లోగోతో ప్రింటవుతుందంటే ఆడిటర్ ఊరుకోడు.

మేనేజరు ఆమోదం కొంచెం చిక్కు. "ఫలానా మొత్తం దాటితే ఒకరు ఓకే చేయాలి" అనే ఒక్క మెట్టు అందరికీ ఇవ్వొచ్చు. నంబర్ మాత్రం ఓకే అయ్యాకే పడాలి, డ్రాఫ్ట్‌కి వద్దు. మూడు మెట్లు, సెలవులో ఉంటే ఇంకొకరు అంటే అది వేరే సాఫ్ట్‌వేర్ అయిపోతుంది. వాళ్లకు వెబ్‌హుక్ (బిల్లులో ఏదైనా జరగగానే వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి కబురు పంపే ఏర్పాటు) ఇచ్చి, ఆ తిప్పలేవో వాళ్లనే మీ సాఫ్ట్‌వేర్ బయట పడనివ్వండి. ఒకే కబురు రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంది కాబట్టి ప్రతిదానికీ ఒక ఐడీ జతచేయండి.

ఆన్, ఆఫ్ బటన్లు ఊరికే వస్తాయనుకోకండి. పది బటన్లంటే 1,024 రకాల సాఫ్ట్‌వేర్లు, అన్నీ ఎవరు టెస్ట్ చేస్తారు? సంబంధం లేని ముగ్గురు ఒకే మార్పు అడిగితేనే సెట్టింగ్ చేయండి, ఆరు నెలల్లో ఎవరూ ముట్టుకోకపోతే పీకేయండి. ఒక్కరే అడిగి "డబ్బులిస్తాం" అంటే ఒకసారి చెల్లింపు ఒప్పుకోవద్దు. ఆ కోడ్‌ని మీరు ప్రతినెలా మోస్తారు, కాబట్టి నెలనెలా చందాలోనే కలపండి. ఆ రేటు వినగానే సగం మందికి ఆ మార్పు అక్కర్లేకుండా పోతుంది.