మీ ప్రశ్నలు, నా జవాబులు: ‘నాయకుడు’ చూసిన కళ్ళతో ‘థగ్ లైఫ్’

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క సినిమా గురించే, మణిరత్నం ‘థగ్ లైఫ్’ గురించి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, మన ఒడిశా తెలుగువాళ్ళున్న అన్ని ఊళ్ళవాళ్ళూ రాశారు. కొన్ని విడుదలకు ముందు రాసినవి, కొన్ని చూసొచ్చిన కోపంలో రాసినవి. అందుకని మిగతా విషయాలు వచ్చే సంచికకి ఉంచి, పేజీ అంతా దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక పాఠకుడు, విడుదలకు వారం ముందు): మణిరత్నం, కమల్ హాసన్ 38 ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసి గ్యాంగ్‌స్టర్ సినిమా చేస్తున్నారు. ట్రైలర్ చూసినప్పట్నుంచి ఒకటే టెన్షన్. పార్వతీపురం వెళ్ళి మొదటి రోజే చూసెయ్యనా, రెండు రోజులాగి టాక్ విని వెళ్ళనా? ఇంతగా ఆశ పెట్టుకోవడం తప్పా?

జవాబు: మీ ఉత్తరం అచ్చయ్యేసరికి మీరు చూసేసే ఉంటారు, అయినా చెప్తాను. మొదటి రోజే వెళ్ళాలండీ. మనవైపు తెలుగు సినిమా చూడ్డమంటే టికెట్టుతో అయిపోయే పని కాదు, రైలో బస్సో పట్టుకుని రాష్ట్రం దాటాలి, రాత్రి తిరిగి ఇల్లు చేరాలి, ఇంట్లో చెప్పి ఒప్పించాలి. ఇంత చేసి వెళ్ళేవాడు ముందే పక్కవాడి అభిప్రాయం మోసుకుపోతే సినిమా తన కళ్ళతో చూసినట్టే ఉండదు.

ఆశ పెట్టుకోవడం తప్పెందుకవుతుంది? 1987లో వచ్చిన ‘నాయకుడు’ కమల్‌కి ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు తెచ్చింది, కెమెరాకి పి.సి. శ్రీరామ్‌కీ, కళా దర్శకత్వానికి తోట తరణికీ కూడా ఆ ఏడాది జాతీయ అవార్డులొచ్చాయి. ఇళయరాజాకి అది 400వ సినిమా. మళ్ళీ ఆ దర్శకుడే, ఆ నటుడే అంటే, ఈసారి ఎ.ఆర్. రెహమాన్ సంగీతం అంటే, గుండె కొట్టుకోకపోతేనే ఆశ్చర్యం.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని): నాన్న, బాబాయి పాతపట్నంలో ‘థగ్ లైఫ్’ చూసొచ్చి మూడు రోజులు వాదించుకున్నారు. నాన్న ‘నాయకుడు’ కాలి గోటికి సరిపోదు అంటారు. బాబాయేమో పాతది పక్కన పెట్టి చూడు అంటాడు. నేను పాతది చూడలేదు. నాకు మొదట్లో బాగానే అనిపించింది, తర్వాత ఎందుకో ఎవరు చచ్చిపోయినా ఏమీ అనిపించలేదు. ‘నాయకుడు’ చూడనివాళ్ళు ఈ సినిమా గురించి మాట్లాడకూడదా?

జవాబు: అమ్మా, నాకొచ్చిన ఉత్తరాలన్నిట్లోకీ అసలు మాట నువ్వే రాశావు. ఎవరు చచ్చిపోయినా ఏమీ అనిపించలేదన్నావు చూడు, గ్యాంగ్‌స్టర్ సినిమాని తూచాల్సింది దాంతోనే. అది తెలియడానికి పాత సినిమా చూసి ఉండక్కర్లేదు.

మొదటి భాగం బాగుందన్నావు, నిజమే. 1994 పాత ఢిల్లీ, తెలుపు నలుపులో కాల్పులు, పేపర్లు వేసుకుని బతికే మనిషి మధ్యలో పడి చచ్చిపోవడం, ఆయన కొడుకుని గ్యాంగ్‌స్టర్ శక్తివేల్ (కమల్) తనతో తీసుకుపోయి పెంచుకోవడం. ఆ చావుకి బరువుంది. ఆ కుర్రాడే అమరన్, పెద్దయ్యాక శింబు. వీళ్ళిద్దరి మధ్య ఏదో ఒకరోజు ఆ పాత నెత్తురు లేస్తుందని మనం భయపడుతూ కూర్చుంటాం. కానీ తీరా ఎదురు తిరిగేటప్పుడు ఆ కుర్రాడి మనసు ఎలా విరిగిందో మనకి కనబడదు, పక్కవాళ్ళు నాలుగు మాటలు చెవిలో వేస్తే తిరిగేశాడు అన్నట్టు వెళ్ళిపోతుంది. కన్నబిడ్డలా పెంచిన చెయ్యిని నరకడానికి సిద్ధపడ్డవాడు ఒక రాత్రైనా నిద్ర లేకుండా గడపడా? ఆ రాత్రి చూపించలేదు. అక్కడినుంచి సినిమా ఉత్త పగ తీర్చుకోవడమైపోయింది. మంచు కొండల్లో చావు తప్పించుకుని వచ్చిన శక్తివేల్ ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోతుంటే నాకు ఇచ్ఛాపురం హాల్లో కూర్చుని లెక్కపెట్టడం తప్ప పని లేకపోయింది.

మీ నాన్నగారు ఏం పోగొట్టుకున్నారో కూడా చెప్పాలి. ‘నాయకుడు’లో కమల్ వేసిన వేలు అనే నాయకుడు ఒక ఇన్‌స్పెక్టర్ని చంపుతాడు. మామూలు సినిమా అయితే ఈలలు వేయించి అక్కడితో వదిలేస్తుంది. ఇందులో వేలు ఆ ఇన్‌స్పెక్టర్ ఇంటికి వెళ్తాడు, భార్యని, బుద్ధి ఎదగని కొడుకుని చూస్తాడు, వాళ్ళని తానే పోషిస్తాడు. చివరికి కోర్టు వదిలేసినా ఆ కొడుకు వదలడు, వాడి చేతిలోనే పోతాడు. ఒక్క చావు సినిమా పొడుగునా నడిచొచ్చి చంపినవాడి తలుపు తట్టింది. వేశ్యల ఇంట్లో ఉన్న పిల్ల రేపు లెక్కల పరీక్ష ఉంది, తొందరగా పంపిస్తారా అని అడుగుతుంది, ఆ ఒక్క మాటతో ఆ పిల్ల జీవితమంతా తెలిసిపోతుంది. మనవడు నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అనడిగితే వేలుకి జవాబు తెలియదు. నేను చిన్నప్పుడు మా నాన్న పక్కన కూర్చుని చూశాను, ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

అందుకని మీ నాన్నగారిదీ తప్పు కాదు, బాబాయిదీ తప్పు కాదు. పోల్చకుండా చూసినా ఇది నిలబడలేదు, పోలిస్తే బాధ ఎక్కువవుతుంది, తేడా అంతే. ‘నాయకుడు’ మాత్రం చూడమ్మా, మీ నాన్నగారితోనే కలిసి చూడు.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకుడు): మణిరత్నానికి వయసైపోయింది, రిటైరైపోతే మంచిదని మా ఆఫీసులో అందరూ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ఒప్పుకోను. ఈ సినిమా 2025 జూన్ 5న వచ్చింది, దానికి మూడు రోజుల ముందే ఆయనకి 69 నిండాయి. అంతకు ముందు 2022, 2023ల్లో ‘పొన్నియిన్ సెల్వన్’ రెండు భాగాలు తీసింది ఈ వయసులోనే కదా, అన్ని పాత్రలని ఒక్క చేత్తో నడిపించాడే! 2018లో ‘నవాబ్’ కూడా గ్యాంగ్‌స్టర్ల ఇంటి కథే, అందులో అన్నదమ్ముల మధ్య అనుమానం ఎలా పెరిగిందో మెట్టు మెట్టుగా తెలుస్తుంది. చెయ్యి తిరగడం ఎక్కడికీ పోలేదు. ఈ కథ కమల్, మణిరత్నం కలిసి రాసుకున్నారు, లోపం ఆ రాతలో ఉంది. పెద్దాయన కదా అని మార్కులు కలపొద్దు, పెద్దాయన అయిపోయాడని తగ్గించొద్దు, కొత్త కుర్రాడు తీస్తే ఏం అడుగుతామో అదే అడగాలి.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక పాఠకురాలు): చిన్మయి స్టేజి మీద పాడిన ఆ వాన పాట కోసమే వెళ్ళానండీ. పాట లేదు. మోసపోయినట్టనిపించింది.

జవాబు: నాకూ అలాగే అనిపించింది. ఆడియో వేడుకలో ఆవిడ తమిళంలో పాడిన ఆ పాట ఊరూరా మోగింది, తెలుగు పాట కూడా ఆవిడే పాడారు. కథకి అడ్డమనుకుంటే తీసేసే హక్కు దర్శకుడికి ఉంది, కాదనను. కానీ త్రిష చేసిన ఇంద్రాణి మనసు మనకి అందేది ఆ పాటలోనే అని నా నమ్మకం, అది తీసేశాక ఆ మనిషి సినిమాలో ఎందుకుందో తెలియకుండా పోయింది.

ప్రశ్న (కొరాపుట్ నుంచి ఒక పాఠకుడు): తెలుగు డబ్బింగ్ ఎలా ఉంది? పేరైనా తెలుగులో పెట్టలేదు.

జవాబు: పేరు సంగతి వదిలేయండి, మాటల దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. కొన్నిచోట్ల తమిళ పెదవికి అతికించడానికి తెలుగుని వంచేశారు, ఇంట్లో తండ్రీకొడుకులు అలా మాట్లాడుకోరు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలో. ఆ నేలమీద ఉన్నవాళ్ళం కాబట్టి మనకి ఇది ఇంకాస్త ఎక్కువ గుచ్చుకుంటుంది. ‘గీతాంజలి’ని 1989లో నేరుగా తెలుగులోనే తీసిన మనిషి సినిమా కదా ఇది!

ప్రశ్న (మళ్ళీ రాయగడ పాఠకుడే, చూసొచ్చాక): వెళ్ళానండీ. తిరుగు రైల్లో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. ఆయన ఇంకో గ్యాంగ్‌స్టర్ సినిమా తీస్తే మీరు వెళ్తారా?

జవాబు: వెళ్తాను. మొదటి రోజే, ఇచ్ఛాపురానికే. మీరూ రండి, కలిసి చూద్దాం.