కంప్యూటర్‌లో నడిచే వాతావరణ నమూనాలు గాలిలోని ప్రతి కణం మీదా కాంతి లెక్క వేస్తాయా?

వేయవు, సూక్ష్మకణాలు కాంతిని ఎంత చెదరగొడతాయో, ఎంత పీల్చుకుంటాయో ముందే లెక్కగట్టి ఉంచిన పట్టికల నుంచి చాలా నమూనాలు విలువలు తీసుకుంటాయి. గోళాకార కణాలకు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ (Mie) 1908లో ఇచ్చిన పరిష్కారం కచ్చితమైనదే గానీ, అది ఎన్నో పదాలను కూడాల్సిన పొడవైన శ్రేణి కనుక, నమూనా భూగోళాన్ని విభజించుకున్న ప్రతి గడిలో, ప్రతి తరంగదైర్ఘ్యానికీ దాన్ని మళ్లీ మళ్లీ లెక్కించడం సూపర్‌కంప్యూటర్‌కైనా భారమే. నిజానికి ఫలితం కణం చుట్టుకొలతకూ తరంగదైర్ఘ్యానికీ ఉన్న నిష్పత్తి మీద, వక్రీభవన గుణకం (కణ పదార్థం కాంతిని ఎంత వంచుతుందో, ఎంత పీల్చుకుంటుందో తెలిపే సంఖ్య) మీద ఆధారపడుతుంది, కనుక వీటిని బట్టి పట్టిక వేసుకోవచ్చు. ఉదాహరణకు 0.5 మైక్రాన్ల వ్యాసమున్న సల్ఫేట్ కణంపై 0.55 మైక్రాన్ల ఆకుపచ్చ కాంతి పడితే నిష్పత్తి సుమారు 2.86, పట్టికలో 2.8, 2.9ల దగ్గరున్న విలువల నుంచి మధ్య విలువను రాబడితే చాలు. పట్టిక వాడటం వల్లనే తప్పులొస్తాయన్నది అపోహ. పట్టికలోని వరుసల విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఆ దోషం స్వల్పమే, అసలు చిక్కల్లా ఎడారి ధూళి వంటి వంకర కణాలను గోళాలుగా భావించడంలో ఉంది.