చేతుల తిమ్మిర్లు థైరాయిడ్ వల్లేనా? ముందు చిటికెన వేలిని అడగండి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "అమ్మకు యాభై రెండేళ్లు. మూడేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. రెండు నెలలుగా రాత్రిళ్లు చేతులు తిమ్మిరెక్కి లేచి కూర్చుంటోంది. థైరాయిడ్ తక్కువైతే నరాలు దెబ్బతింటాయా? ఏ డాక్టరుకి చూపించాలి?"

దెబ్బతింటాయమ్మా. నాకే జరిగింది. నేను డాక్టర్ని కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో ఇరవై ఏళ్లుగా బ్లౌజులకి మగ్గం వర్క్ చేస్తున్నాను. నా బతుకంతా బొటనవేలు, చూపుడువేలు మధ్యే ఉంది కాబట్టి ఈ సంగతి కాస్త ఎక్కువగా తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆరేళ్ల కిందట పెళ్లిళ్ల సీజన్‌లో మొదలైంది. పూస తీద్దామంటే వేళ్లకి అందినట్టే ఉండి జారిపోయేది. సూది పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకుంటే గాని తెలిసేది కాదు. రాత్రి రెండింటికో మూడింటికో చేతులు సూదులు గుచ్చినట్టయి మెలకువ వచ్చేది. మంచం మీద కూర్చుని, తడి చేతులు విదిలించినట్టు విదిలిస్తే కాసేపటికి తగ్గేది. మా వీధి చివర ఆర్‌ఎంపీ గారు "నరాల బలహీనత" అని తేల్చి, రోజు విడిచి రోజు ఎర్ర ఇంజెక్షన్లు పొడిచారు. మన దగ్గర జుట్టు రాలినా, మోకాలు నొప్పెట్టినా నరాల బలహీనతే కదా! ఆ ఎర్ర మందు బీ12. అది తక్కువైన వాళ్లకి మంచి మందే. నాకు తక్కువ లేదని తర్వాత పరీక్షలో తేలింది. అప్పటికి పది ఇంజెక్షన్ల డబ్బు పోయింది.

చివరికి సూర్యారావుపేటలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తిమ్మిరి వస్తే ఏం చేస్తారమ్మా?" నేను చేతులు విదిలించి చూపించాను. రెండో ప్రశ్న, "చిటికెన వేలికి కూడా ఉందా?" ఆలోచిస్తే, లేదు! బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం, అంతే. మణికట్లు రెండూ కిందికి వంచి, చేతుల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి ఒక్క నిమిషం ఉంచమన్నారు. నిమిషం కాకముందే తిమ్మిరి మొదలైంది. దీన్ని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు.

మణికట్టు దగ్గర అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ ఉండి మధ్యలో సన్నటి సొరంగంలా ఉంటుంది. వేళ్లు ముడిచే తాళ్లలాంటి టెండన్లు తొమ్మిది, వాటితోపాటు మీడియన్ అనే నరం ఒకటి అందులోంచే పోతాయి. థైరాయిడ్ హార్మోను తక్కువైతే ఒంట్లో నీటిని పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం కణజాలంలో పేరుకుంటుంది. పొద్దున్నే మొహం ఉబ్బినట్టు ఉండేది దానివల్లే. మొహానికైతే ఉబ్బడానికి చోటుంది, ఆ సొరంగంలో లేదు. నరం నలిగిపోతుంది. నిద్రలో మణికట్టు ముడుచుకుంటాం కాబట్టి రాత్రిళ్లు ఇంకా ఎక్కువ. చిటికెన వేలికి పోయే నరం దారి వేరు, అందుకే దానికి ఏమీ కాదు.

నరం ఎంత నలిగిందో చూసే కరెంటు పరీక్ష చేశారు. చిన్న చిన్న షాకులు తగులుతాయి, భయపడక్కర్లేదు. దాంతోపాటు రక్తంలో టీఎస్‌హెచ్, షుగర్, బీ12 చూశారు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ పరీక్ష, థైరాయిడ్ హార్మోను తక్కువైతే ఈ అంకె పెరుగుతుంది. టీఎస్‌హెచ్ 38 వచ్చింది! సుమారు 4 దాటకూడదు. "థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నానండీ" అంటే, ఎలా వేసుకుంటున్నారో చెప్పమన్నారు. ఇక్కడ దొరికిపోయాను. పొద్దున్నే ఫిల్టర్ కాఫీతో థైరాయిడ్ మాత్ర, దాని వెనకే కాల్షియం మాత్ర. ఎప్పుడూ మానలేదు కదా అని నా ధీమా. కాఫీ, కాల్షియం, ఐరన్ ఏవైనా సరే ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వవట. పరగడుపున మంచినీళ్లతో మాత్ర, కనీసం అరగంట, వీలైతే గంట తర్వాతే కాఫీ. కాల్షియానికీ ఐరన్‌కీ నాలుగు గంటల తేడా. మీ అమ్మగారి వయసు వాళ్లకి కాల్షియం ఎవరో ఒకరు రాసే ఉంటారు, ముందు అది చూడండి.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే, రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి. కొన్ని ల్యాబుల మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ల్యాబ్ వాళ్లు అడగరు, మనమే చెప్పాలి.

మాత్ర టైము సరిచేశాక, డోసు 50 మైక్రోగ్రాముల నుంచి 75కి పెంచారు. డోసు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి గాని మళ్లీ పరీక్ష చేస్తే లాభం లేదు. నా టీఎస్‌హెచ్ మొదట 9కి, తర్వాత 3కి వచ్చింది. ఎడమ చేయి మూడు నెలల్లో మామూలైంది. కుడి చేయి మొండికేసింది. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుని పడుకున్నాను. అయినా తగ్గకపోతే మణికట్టులో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆపరేషన్ దాకా పోలేదు. బొటనవేలి మొదట్లో ఉండే కండ గుంట పడినట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దన్నారు.

ఒకవేళ అమ్మగారికి చిటికెన వేలితో సహా అన్ని వేళ్లూ, లేదా రెండు అరికాళ్లూ మొద్దుబారి మంటలుంటే కథ వేరు. థైరాయిడ్ చాలాకాలం తక్కువగా ఉంటే అలా కూడా రావచ్చు గానీ, ముందు షుగర్, బీ12 చూడాలి. మా ఆడపడుచుకి థైరాయిడ్ ఉంది, కాళ్ల మంటలన్నీ దానికే అంటగట్టింది. తీరా చూస్తే షుగర్‌కి ఏళ్లుగా వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ వల్ల బీ12 పడిపోయింది. ఉన్నట్టుండి ఒకవైపు చేయీ కాలూ మొద్దుబారి, మాట తడబడితే ఇవేవీ కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఏ డాక్టరంటారా? ముందు మామూలు ఫిజీషియన్ చాలు, ఈ రక్తపరీక్షలు ఆయనే రాస్తారు. నరం పరీక్ష కావాలంటే న్యూరాలజిస్టు. ప్రైవేటు ఖర్చు బరువైతే మీ గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో (జీజీహెచ్) న్యూరాలజీ విభాగం ఉంది. పాత రిపోర్టులన్నీ, అమ్మగారు వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

నా సంగతి అంటే, మాత్రల సీసా ఇప్పుడు మంచం పక్కనే ఉంటుంది, కాఫీ డబ్బాకి దూరంగా. ఆరు గంటలు ఏకధాటిగా కూర్చుంటే కుడి చూపుడువేలి కొన ఇప్పటికీ కాస్త మొద్దుగా ఉంటుంది. సన్నపూసల పని మా దగ్గర నేర్చుకునే అమ్మాయిలకి ఇచ్చేసి, నేను జర్దోసీ చూసుకుంటున్నాను.